చిన్నబ్బ మాత్రల డబ్బా

తిరుపతి రైల్వేస్టేషనుకు దగ్గర్లో, ఒక సందులో ఉన్న లాడ్జిలో రూములన్నిటికీ చిన్నబ్బే పెద్ద. పెద్ద అంటే కుర్చీలో కూర్చుని బెల్లు కొట్టే పెద్ద కాదు. యాత్రికులు ఖాళీ చేసిన గదిని తర్వాతి వాళ్ళు మెట్లెక్కి వచ్చేలోగా తుడిపించి, దుప్పట్లు మార్పించి, బాత్రూములో మగ్గు ఉందో ఎవరన్నా ఎత్తుకుపోయారో చూసుకునే పెద్ద. కార్వేటినగరం పక్క పల్లెలో పుట్టాడు. మీసం రాకముందే తిరుపతి చేరి, బస్టాండులో మూటలు మోసి, హోటళ్ళలో గ్లాసులు కడిగి, చివరికి ఈ లాడ్జిలో కుదురుకున్నాడు. ఆ కుదురుకోవడంలోనే నడుము పోగొట్టుకున్నాడు. ఒకసారి పరుపు ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోతే, నలుగురు పట్టుకుని గోడకు ఆనించాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు నడుము చెప్పాపెట్టకుండా పట్టేస్తుంది, కొన్నాళ్ళు ఏడిపించి వదిలేస్తుంది.

అతనికి మాత్రల మీద ధ్యాస పుట్టింది కూడా అప్పుడే. మామూలుగా మనకు మాత్రలు మెడికల్ షాపులో దొరుకుతాయి. చిన్నబ్బకు దిండ్ల కింద దొరికేవి. కొండకు నడిచి వెళ్ళేవాళ్ళు నొప్పుల మాత్ర ఒకటి మింగి ఎక్కుతారు, దిగివచ్చి ఇంకొకటి మింగి పడుకుంటారు, పొద్దున రైలు హడావిడిలో మిగిలిన అట్టను పరుపు మీదే వదిలేసి పోతారు. మరిచిపోయిన చార్జరు కోసం ఊళ్ళనుంచి ఫోన్లు వచ్చేవి. సగం వాడిన మాత్రల అట్ట కోసం ఇంతవరకు ఎవరూ ఫోను చేయలేదు. అవన్నీ చిన్నబ్బ దగ్గరున్న రేకు బిస్కెట్ల డబ్బాలోకి చేరేవి. మరాఠీ వాళ్ళవి, కన్నడం వాళ్ళవి, తమిళం వాళ్ళవి, ఆ డబ్బాలో దేశంలోని నడుములన్నిటికీ సరిపడా మందు ఉండేది.

ఊరికే దాచుకుని ఉంటే బాగుండేది. కానీ చిన్నబ్బ వాటిని పోల్చి చూడడం మొదలుపెట్టాడు. లాడ్జికి వచ్చే కాలేజీ పిల్లల చేత అట్టల వెనక ఉన్న పేర్లు చదివించుకున్నాడు, నోరు తిరిగేదాకా పలికాడు. తన నడుము పట్టుకున్నప్పుడల్లా ఒక్కో రకం మింగి చూశాడు. డైక్లోఫెనాక్ తొందరగా పట్టు వదిలిస్తుంది, పొద్దుగూకేసరికి జారిపోతుంది. ఏసిక్లోఫెనాక్ నిదానంగా వస్తుంది, వస్తే కాసేపు కూర్చుంటుంది. ఐబుప్రోఫెన్ ఒళ్ళునొప్పులకు సరే, నడుముకు ఆనదు. ఇదీ అతని శాస్త్రం. చెప్పేటప్పుడు కనుబొమ్మలు పైకి లేపి, గొంతు తగ్గించి చెప్పేవాడు. వినేవాళ్ళు నమ్మకపోవడానికి కారణం ఉండేది కాదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు, నడుము పట్టుకుంటే చిన్నబ్బ మాత్ర అని ఆ సందులో టీ కొట్టువాడు కూడా అనేవాడు. ఆ మాట విన్న రోజు చిన్నబ్బ రెండు టీలు తాగేవాడు.

ఈ శాస్త్రానికి ఎదురు చెప్పేవాడు ఒకే ఒకడు, గేటు దగ్గర వాచ్‌మన్ ఓబయ్య. అతనికీ నడుమే జబ్బు. ఏసిక్లోఫెనాక్ తప్ప ఇంకేదీ మాత్ర కాదని అతని వాదన. ఇద్దరూ ఖాళీ దొరికితే చాలు, కోడిపందెం పుంజుల గురించి మాట్లాడుకున్నట్టు మాత్రల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఆ ఏడు పెరటాసి నెల మొదటి శనివారం వచ్చింది. పెరటాసి అంటే చిత్తూరు వైపు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. శనివారాలు ఒక్కపొద్దు ఉండి, నిష్ఠగలవాళ్ళు నీళ్ళు కూడా ముట్టకుండా, సాయంత్రం వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అన్నం, పప్పు, కూరలు ఆకులో పెట్టి, పిండి దీపం వెలిగించి, గోవిందా అని దండం పెట్టుకున్నాకే నోట్లో మెతుకు పడేది. తమిళనాడు నుంచి బస్సులకు బస్సులు దిగే రోజులు కూడా అవే. ఆ శనివారం లాడ్జి కింద ఒక బస్సు జనం మూటలతో కూర్చుని ఉన్నారు, పైన గదులు ఒక్కటీ తయారు కాలేదు.

రెండో అంతస్తులో మునిరత్నమ్మ పరుపు ఎత్తి దుప్పటి అంచు కింద దోపుతోంది. ఆమె చిన్నబ్బ కన్నా నాలుగైదేళ్ళు పెద్ద. మొగుడు పోయాడు, ఒక్కగానొక్క కూతురు రాజశ్రీ పుత్తూరులో కాపురం ఉంటుంది. లాడ్జి వెనక ఒంటి గదిలో అద్దెకు ఉంటూ, అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా వెనక వెళ్ళే మనిషి. చిన్నబ్బను నాయనా అంటుంది, అతను ఆమెను అక్కా అంటాడు. ఎత్తిన పరుపు చేతిలోంచి జారి, ఆమె మంచం అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"చిన్నబ్బా, నడుము పట్టుకునేసిండాది నాయనా. ఇట్లా తిరగలేను, అట్లా తిరగలేను."

చిన్నబ్బ పరుగెత్తాడు. ఆమెను ఇంటికి పంపాలని అతనికి ముందు తోచిన మాట నిజమే. ఆ వెంటనే కింద కూర్చున్న జనం తోచారు, మేనేజరు మొహం తోచింది. అతను వెళ్ళి డబ్బా తెచ్చాడు.

పొద్దున తను టీ తాగుతూ ఆమెకు కూడా పొయ్యమంటే, ఒక్కపొద్దు గదా వద్దులే అంది. ఆ మాట అతను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఈ మాత్రలు తిన్నాకే వేసుకోవాలని కూడా అతనికి తెలుసు, ఊరందరికీ చెప్పేది అతనే. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకుని తెల్లటి డైక్లోఫెనాక్ ఒకటి చింపి ఇచ్చాడు.

ఇంతలో ఓబయ్య బస్సు జనం మూటలు మోసుకుని పైకి వచ్చాడు. "ఆ తెల్లదానితో ఏమవుతాదప్పా? మధ్యాహ్నానికి మళ్ళీ మొదటికొస్తాది. నాది ఇయ్యి."

"నీది పట్టేలోపల చెకౌట్ టైమయిపోతాది."

"అయితే సూద్దాం. పొద్దున నీది, సాయంత్రం నాది. వారం దినాలు మింగితే ఏది మేలో అక్కే చెప్తాది. ఓడినోడు టీ ఇప్పియ్యాల."

"మీ పందేలకు నా నడుమే దొరికిందా?" అని మునిరత్నమ్మ నొప్పిలోనే నవ్వింది. గ్లాసు చేతిలోకి తీసుకుని కొండవైపు తిరిగి లెంపలు వేసుకుంది. "సామీ, మాత్ర కోసరం నీళ్ళు తాగతా ఉండాను. తప్పు పట్టుకోవద్దు." తాగింది. కాసేపటికి లేచి, మంచాలు పట్టుకుంటూ గదులన్నీ తయారు చేసింది. బస్సు జనం పైకి వచ్చారు. మేనేజరు ఏమీ అనలేదు. చిన్నబ్బకు ఆ రోజు తన డబ్బాను చూస్తే గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత రోజూ పొద్దున తెల్లది, సాయంత్రం ఓబయ్యది. ఆమె పనికి వస్తూనే ఉంది. పొద్దున కాఫీ చుక్కతో సరిపెట్టుకుని వచ్చేది, మాత్ర దాని మీదే పడేది. మధ్యలో ఒకసారి, కడుపులో మంటగా ఉందని, ఈ మంట తనకు పాతదేనని, ఇప్పుడు ఎక్కువైందని చెప్పింది. "అది వేడిక్కా, మజ్జిగ తాగు" అన్నాడు చిన్నబ్బ. అడిగినదల్లా ఒకటే: ఏది బాగా పనిచేసింది? "పొద్దున్నదే నాయనా" అంది ఆమె. వారం దాకా ఆగకుండానే ఓబయ్య టీ ఇప్పించాడు. చిన్నబ్బ ఆ టీని తీపి ఎక్కువ వేయించుకుని మరీ తాగాడు.

ఆ వారం నిండకముందే మునిరత్నమ్మ వరండాలో బకెట్టు పక్కన కూలబడింది. కాఫీ పొడి కలిపినట్టు నల్లగా కక్కుకుంది. మొహం తెల్లబోయింది, ఒళ్ళు చల్లటి చెమట పట్టింది. చిన్నబ్బ ఆమెను ఆటోలో ఒడిలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ దారంతా అతనికి తెలిసిన మాత్రల పేర్లు ఒక్కటొక్కటిగా గుర్తొస్తూనే ఉన్నాయి, ఎంత వద్దనుకున్నా ఆగలేదు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నాడి చూస్తూనే అడిగింది. "నొప్పుల మాత్రలు ఏమైనా వేసుకుందా?"

మునిరత్నమ్మ కళ్ళు తెరిచి చిన్నబ్బ వైపు చూపించింది. "ఆయప్పను అడగండమ్మా. ఆయప్పకు అన్నీ తెలుసు."

డాక్టరమ్మ ఇటు తిరిగింది. ఎన్నాళ్ళుగానో ఎవరూ అడగకపోయినా చెప్పుకున్న పేర్లు అవి. ఇప్పుడు అడగాల్సిన మనిషే అడుగుతోంది. లాడ్జి, ఉద్యోగం, పోలీసులు, అన్నీ ఒక్కసారిగా చిన్నబ్బ కళ్ళముందు నిలబడ్డాయి.

"యాడో మెడికల్ షాపులో ఇచ్చినారంట మేడమ్" అన్నాడు. "పేరు తెలీదు."

మునిరత్నమ్మ ఆ మాట విందో లేదో, కళ్ళు మూసుకుంది.

రక్తం ఎక్కించారు. గొట్టం వేసి చూసి, కడుపులో పుండు ఉందని, దాన్లోంచి రక్తం కారిందని తేల్చారు. ప్రాణానికి భయం లేదనేసరికి రెండు రోజులు గడిచాయి. రాజశ్రీ పుత్తూరు నుంచి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. చిన్నబ్బను చూడగానే లేచి రెండు చేతులు పట్టుకుంది. "నువ్వు తీసుకురాకుంటే మా అమ్మ దక్కేది కాదు మామా." ఆ చేతులు విడిపించుకోలేక, పట్టుకోలేక అతను అలాగే నిలబడిపోయాడు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

డాక్టరమ్మ అతన్నే పక్కకు పిలిచి చెప్పింది. ఆమెకు ముందునుంచే కడుపు మంట ఉంది. అలాంటి మనిషికి ఈ జాతి మాత్రలు ఇచ్చేముందే ఆలోచించాలి. ఈమెకు రోజూ, అదీ ఖాళీ కడుపు మీద ఇచ్చారు. ఎవరో గానీ రెండు రకాలు కలిపి ఇచ్చినట్టున్నారు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి అన్న ఆమె మాటల్ని బట్టి తెలుస్తోంది.

చిన్నబ్బ నేల చూస్తూ అడిగాడు. "ఆ రెండింట్లో ఏది చెడ్డది మేడమ్? ఏది మంచిది?"

"నడుము పట్టుకున్నప్పుడు ఇవన్నీ దాదాపు ఒకటేనయ్యా. ఒకదానికన్నా ఇంకొకటి గొప్పగా తగ్గిస్తుందని చెప్పలేం. మెల్లగా తిరుగుతూ ఉంటే చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. తేడా మాత్రలో కంటే మనిషిలో ఎక్కువ. కడుపు ఎలాంటిది, గుండె ఎలాంటిది, కిడ్నీలు ఎలాంటివి, ఇంకేం మందులు వాడుతున్నారు, అది చూసి ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏది అని తేల్చుకుంటాం. రెండూ కలిపి మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు." ఆమె కేసు షీటు మూసింది. "ఇచ్చినవాళ్ళు కనీసం ఏమన్నా తిన్నావా అని కూడా అడగలేదా?"

"అడగలేదంట మేడమ్" అన్నాడు చిన్నబ్బ.

"ఆమెకు నువ్వే అర్థమయ్యేటట్టు చెప్పు. ఇలాంటి మాత్రలు ఇక ముట్టకూడదు, ఉపవాసాలు ఉండకూడదు. మళ్ళీ ఇలాగైతే మనం చేయగలిగింది ఉండకపోవచ్చు."

అలాగే చెప్తానని తల ఊపాడు. చెప్పలేదు. ఉపవాసం వద్దన్నారని రాజశ్రీతో అన్నాడు గానీ మాత్రల మాట వచ్చేసరికి నాలుక వెనక్కి తిరిగింది. చెప్పడానికి పట్టేది ఎంతసేపు? ఒక గ్లాసు మజ్జిగ తాగినంత సేపు. ఆ కాస్త సేపు కోసం అతను రోజూ ఆసుపత్రికి వెళ్ళాడు, రోజూ బ్రెడ్డు ముక్కలు ఇచ్చి తిరిగి వచ్చాడు. మునిరత్నమ్మ వార్డులో అందరికీ అతన్ని చూపించి, తోడబుట్టినవాడు కూడా ఇంత చేయడని చెప్పేది. అతను తల వంచుకుని వినేవాడు. పక్క మంచాల వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

అన్నేళ్ళ శాస్త్రం ఏమైందని కూడా అతనికి రాత్రింబగళ్ళు బాధే. తన నడుము తగ్గినప్పుడల్లా అది తగ్గే రోజుకే తగ్గింది, గొప్ప మాత్రం మాత్రకు కట్టబెట్టాడు. ఆ గొప్ప కోసమే ఒక మనిషి కడుపులో రక్తం కార్పించాడు. డబ్బాను మంచం కిందకు తోసేశాడు గానీ పారేయలేకపోయాడు.

పెరటాసి చివరికి వచ్చేసరికి మునిరత్నమ్మ తిరిగి లాడ్జికి వచ్చింది. బరువులు ఎత్తవద్దని మేనేజరు మిద్దె మీద దుప్పట్లు మడిచే పని ఇచ్చాడు. దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో అంచు పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచి, కొసలు కలపాలి. అటు మునిరత్నమ్మ, ఇటు చిన్నబ్బ. ఎదురుగా కొండ కనిపిస్తోంది.

"నేనొక మొక్కు మొక్కుకున్నా నాయనా" అంది ఆమె. "ఒక్కపొద్దు నాడు కడుపులోకి నీళ్ళు పోసుకుంటి గదా. సామి ఊరకనే ఉంటాడా? ఆ కడుపులోనే సూపించినాడు. వచ్చే శనివారం ఆఖరిది. ఒక్కపొద్దుతోనే అలిపిరి నుంచి నడిచి, మోకాళ్ళ మెట్టు మోకాళ్ళ మీదనే ఎక్కతా. అప్పుడన్నా కోపం తీరతాదేమో."

చిన్నబ్బ చేతిలో దుప్పటి వదులైంది.

"దావలో నడుము పట్టుకుంటే కష్టం. నీ తెల్లవి రెండు ఇయ్యి. ఆ పొద్దునవి బాగ పనిచేసినాయి గదా."

ఇక దాచుకోవడానికి చోటు లేదు. ఆమె కొసలు కలపడానికి నడిచి వస్తోంది, అతను ఉన్నచోటే నిలబడ్డాడు.

"సామి కాదక్కా. నేనే."

"ఏంది నువ్వే?"

"నీ కడుపు చెడిపింది నేనిచ్చిన మాత్రలే. డాక్టరమ్మ ఆ పొద్దే చెప్పింది, నీకు చెప్పమని కూడా చెప్పింది. నేను చెప్పలా. ఆయమ్మ పేరు అడిగితే తెలీదన్నా. నువ్వు ఒక్కపొద్దు అని తెలిసే ఇచ్చినా. కింద జనం ఉండారని ఇచ్చినా. రెండు రకాలూ ఇచ్చి, ఏది మేలో సూడాలని నీ నడుముతో ఆట ఆడినా. ఉపవాసంతో కొండెక్కబాకు అక్కా. ఆ మాత్ర మళ్ళీ మింగితే చచ్చిపోతావు."

దుప్పటి ఇద్దరి మధ్యా గాలికి ఎగురుతోంది.

"మాత్ర నువ్వు మంచికే ఇచ్చినావులే" అంది మునిరత్నమ్మ. "అది కాదు. ఆ దినం నుంచి నేను సామికి భయపడి కన్ను మూయలా. నాకు ఇంకా ఏం చేస్తాడో, నా బిడ్డకు ఏం చేస్తాడో అని. నువ్వు పక్కనే కూర్చోని సూస్తా ఉండినావు. చేయనోని మీద తప్పు మోపించినావు గదరా నా చేత."

అతని కొసలు కూడా ఆమే లాక్కుంది. గడ్డం కింద అదిమి పెట్టుకుని ఒక్కతే మడిచింది. వంకర వచ్చింది, అయినా మళ్ళీ విప్పలేదు.

"మొక్కింది మొక్కిందే" అని మెట్ల దగ్గరకు వెళ్ళి అంది. "ఎవరో ఒకరు తీర్చాల."

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. దుప్పట్ల ఒక కొస తీగకు క్లిప్పు పెట్టి, రెండో కొస తనే పట్టుకుని మడుచుకునేది. డబ్బాలో ఉన్న అట్టలన్నీ చిన్నబ్బ ఆసుపత్రికి తీసుకుపోయి డాక్టరమ్మ ముందు పోశాడు, పేర్లన్నీ తప్పులేకుండా చెప్పాడు. ఆమె వాటినీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడా చెప్పేది?" అని ఒక్క మాటే అని, అట్టలు తీసి పక్కన పెట్టించింది. ఖాళీ డబ్బా అతను తెచ్చుకోలేదు.

ఆఖరి శనివారం తెల్లారుతూనే చిన్నబ్బ తలస్నానం చేసి, టీ కూడా తాగకుండా అలిపిరి చేరాడు. గోవిందలు చెప్తూ జనం ఎక్కుతున్నారు. గాలిగోపురం దాటేసరికి నడుము గుర్తుచేయడం మొదలుపెట్టింది. మోకాళ్ళ మెట్టు దగ్గర వంగాడు. మూడో మెట్టుకో నాలుగో మెట్టుకో అది పూర్తిగా పట్టేసింది. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయింది. జేబులో బస్సు చార్జీ తప్ప ఏమీ లేదు. పక్కన ఎవరో ఒకావిడ మెట్టు మెట్టుకూ పసుపు పూస్తూ ఎక్కుతోంది. ఆమెకు దారి ఇచ్చి, చేతులు ముందు మెట్టు మీద ఆనించి, ఒక మోకాలు, ఆగి, ఇంకో మోకాలు, అలా ఎక్కాడు. స్వామిని ఏమీ అడగలేదు. నీ తప్పు లేదని ఆమెకు చెప్పానని మాత్రం చెప్పుకున్నాడు.

దర్శనం చేసుకుని బస్సులో దిగి లాడ్జి గేటు దగ్గరకు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మనిషి సగానికి వంగి ఉన్నాడు, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఓబయ్య కుర్చీలోంచి లేచి పరుగున వచ్చాడు. "ఏందప్పా ఈ వాలకం? ఉండు ఉండు" అంటూ చొక్కా జేబులోంచి అట్ట తీసి ఒక మాత్ర చింపి అరచేతిలో పెట్టాడు. "ముందు ఇది మింగు."

వెనక గదిలో తళిగ వేసి, పిండి దీపం కొండెక్కాక అన్నం ఆకు చేత్తో పట్టుకుని మునిరత్నమ్మ అప్పుడే బయటికి వచ్చింది. వంగిన మనిషిని చూసింది. మోకాళ్ళ దగ్గర చిరిగిన పంచె చూసింది. ఓబయ్య చేతిలో ఉన్నదీ చూసింది.

"ఏమన్నా తిన్నావా నాయనా?" అంది.

చిన్నబ్బ లేదని చెప్పబోయాడు. పసిపిల్లవాడిలా ఏడ్చాడు, సందులో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు, దగ్గరకు తీసుకోనూ లేదు. ఓబయ్యను కుర్చీ జరపమని, ఆకు అతని చేతికిచ్చింది. కూర్చోవడానికి నడుము ఒప్పుకోక, చిన్నబ్బ గోడకు ఆనుకుని నిలబడే ఆ అన్నం తిన్నాడు.